తెల్ల మూత, నల్ల మూత

పెద్ద దుకాణంలో మగవాళ్ళ సెంట్ల కౌంటరు దగ్గర నిలబడి నిలబడి రిటైరైనవాణ్ణి, ఇంట్లో పెద్దోడు అనీ కౌంటరులో సెంటాయన అనీ పిలిపించుకున్నవాణ్ణి, టైలరు షాపు పైన మేడ గదుల్లో అద్దెకుంటున్నవాణ్ణి అయిన నేను, ఎవరూ బలవంతపెట్టకుండా, బలవంతపెట్టడానికి ఎవరూ పక్కన లేకుండా కూడా, నా ఇష్టప్రకారం రాసి ఉంచుతున్న వీలునామా ఇది.

నా మనసు నిలకడగా ఉన్నదనడానికి రుజువు కావాలి కాబట్టి, నిన్న కింది టైలరుగారిని పిలిచి నా కళ్ళకి గుడ్డ కట్టమన్నాను. ఐదు కాగితపు ముక్కల మీద ఐదు సెంట్లు చల్లి, కలిపేసి, ఒక్కొక్కటే ముక్కు దగ్గర పెట్టమన్నాను. ఐదూ తడుముకోకుండా చెప్పాను. ముక్కు సరిగ్గా ఉంటే మనసు సరిగ్గా ఉన్నట్టేనా అని ఆయన అడిగాడు. నా విషయంలో అంతే అన్నాను. గుండె గురించి డాక్టరు చెప్పింది వేరే సంగతి. అది వీలునామాకి అడ్డం రాదట.

నాకు పెళ్ళి కాలేదు, పిల్లలు లేరు. తమ్ముడు ఉన్నాడు. ఇంతకు ముందు నేను ఏ వీలునామా రాయలేదు, రాసేంత ఆస్తి లేదు. ఇప్పుడూ లేదు. కాని నా దగ్గర ఇంకొకరి సొత్తు ఒకటి ఉండిపోయింది. అది ఒక మాట. మా అమ్మ మా తమ్ముడికి చెప్పినది, పొరపాటున నా చేతికి వచ్చింది. వాడికి చేరవేయకుండా నేను పోతే అది నాతోపాటే పోతుంది. ఆ మాట ఆరో అంశంలో ఉంది. తక్కిన అంశాలన్నీ దానికి తోడుగా రాసినవే.

ఈ వీలునామా అమలు జరిపే బాధ్యత కింది టైలరుగారికి ఇందుమూలంగా అప్పగిస్తున్నాను. ఆయన ఒప్పుకున్నారు. ఆరో అంశం మాత్రం తమ్ముణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి చదవాలి. పోస్టులో పంపకూడదు, ఫోనులో చెప్పకూడదు. వాడుండే ఊరు వాడి భార్య తరపువాళ్ళని అడిగితే తెలుస్తుంది. వాడు రానంటే, కొలతలు తీసుకోవాలనో మరొకటనో చెప్పి టైలరుగారే వెళ్ళాలి.

ఆస్తి వివరం.

స్థిరాస్తి: లేదు. చరాస్తి: కొంత ఇంటి సామాను, ఐదు సెంటు సీసాలు. సీసాల గురించి కాస్త విడమరిచి చెప్పాలి. ఎవరికి ఏది ఎందుకు ఇస్తున్నానో తెలియకపోతే, పుచ్చుకున్నవాళ్ళు తీసుకెళ్ళి స్నానాల గదిలో పెట్టి పాడుచేస్తారు.

ఈ ఐదూ ఒకే డిజైనరు పేరుతో వచ్చినవి. ఆయన అసలు పని బట్టలు కుట్టించడం. బట్టలు కుట్టేవాడికి సెంటుతో ఏం పనిరా అని మా అమ్మ అడిగేది. ఆయన చొక్కా కొనలేనివాడు ఆయన వాసనైనా కొనుక్కుంటాడని చెప్పాను. అయితే మీ కొట్లో ఆకలేసినవాడికి వంటింటి వాసన కూడా అమ్ముతారా అని నవ్వింది. కింది టైలరుగారికి ఈ సంగతి చెబితే ఆయన మాత్రం నవ్వలేదు. ఇన్నేళ్ళ నుంచి కుడుతున్నా తన పేరు మీద ఒక సబ్బు కూడా రాలేదని నొచ్చుకున్నాడు.

మొదట వచ్చింది తెల్ల మూత. అది బాగా అమ్ముడుపోయేసరికి, అదే పేరు చివర ఇంకో మాట తగిలించి నీలి మూత, నల్ల మూత, ఆకుపచ్చ మూత, బంగారు మూత వరసపెట్టి దింపారు. సీసా ఆకారం ఒకటే, మూతలే వేరు. కౌంటరు భాషలో మొదటిదాన్ని అన్న అనీ, తర్వాతివాటిని తమ్ముళ్ళు అనీ అంటాం. కొనడానికి వచ్చినవాళ్ళు తడబడుతుంటే, అన్నని చూస్తారా, తమ్ముళ్ళని చూస్తారా అని అడగడం మా అలవాటు. కొత్తవాళ్ళు కంగారుపడి, లేదండీ నేనొక్కణ్ణే వచ్చాను అనేవారు.

అన్నకీ తమ్ముళ్ళకీ పోలిక పైపైనే. కాగితం మీద చల్లి వెంటనే ముక్కుకి ఆనించుకుంటే ఐదూ ఒకే ఇంటివనిపిస్తాయి. అదే నిమ్మ తొక్క, అదే చల్లదనం. ఆ మొదటి వాసన కొనేవాడి కోసం పెట్టింది. ఆరిన తర్వాత కాలరుకి పట్టుకుని మిగిలేది ఇంట్లోవాళ్ళ కోసం. అసలు తేడా అక్కడే తెలుస్తుంది. అందుకే నేను ఎవరికి చల్లినా, ఒక చుట్టు తిరిగి రండి, అప్పుడు చెప్పండి అనేవాణ్ణి. చాలామంది అటునుంచి అటే పోయేవారు.

అంశం ఒకటి. నీలి మూత సీసా, దాదాపు నిండుగా ఉన్నది, దుకాణం ఫ్లోర్ మేనేజరుగారికి సర్వహక్కులతో చెందవలసినది.

నీలి మూత డబ్బా మీద సముద్రం బొమ్మ ఉంటుంది. నేను దానికి ఈతకొలను అని పేరు పెట్టాను. చల్లగానే హాలంతా ఒకసారి చుట్టి వస్తుంది, ఆరాక వెతికినా దొరకదు. అయినా ఐదింటిలో ఎక్కువ అమ్ముడయ్యేది ఇదే. మేనేజరుగారూ అంతే. పొద్దున మీటింగులో ఆయన గొంతు పై అంతస్తుదాకా వినబడేది, సాయంత్రానికి ఏం చెప్పారో ఆయనకే గుర్తుండేది కాదు. కౌంటరు వెనక ఒక స్టూలు వేసుకుంటానంటే, కూర్చున్నవాడి దగ్గర సెంటు ఎవడు కొంటాడయ్యా అని ఉన్న స్టూలు కూడా తీయించేశారు. నేను మరిచిపోయినా నా మోకాళ్ళు మరిచిపోవడం లేదు. కాని మా అమ్మ పోయిందని కబురు వచ్చినప్పుడు, సెలవు చీటీ తర్వాత చూద్దాం, ముందు మీరు బయల్దేరండి అని నా సంచి తెచ్చి చేతికిచ్చింది కూడా ఆయనే. ఈ సీసా ఆ రెంటికీ కలిపి. కొంచెం తక్కువ చల్లుకోవాలని నా మనవి. మనవి మాత్రమే, షరతు కాదు.

అంశం రెండు. ఆకుపచ్చ మూత సీసా కింది టైలరుగారికి.

ఇందులో వట్టివేరు ఉంది, తడిసిన మట్టి ఉంది. తెల్ల మూత కన్నా పొడిగా, నల్ల మూత కన్నా మర్యాదగా ఉంటుంది. దీన్ని అడిగి కొనేవాళ్ళు బేరం ఆడరు, ఎక్కువ మాట్లాడరు, మళ్ళీ దీనికోసమే వస్తారు. టైలరుగారు సెంటు పూసుకోరు, ఎవరి బట్టకో అంటుకుంటుందని భయం. కాబట్టి వాడమని అనడం లేదు, షాపు అద్దం పక్కన పెట్టుకోమంటున్నాను. మేడ మీద నా అడుగుల చప్పుడు వినబడకపోతే మెట్లెక్కి వచ్చి తలుపు తట్టే మనిషి ఈ లోకంలో ఆయనొక్కడే. తలుపు తీస్తే, ఏం లేదండీ, సూది జారిపోయింది, ఇటేమైనా వచ్చిందేమోనని, అంటారు. కింద జారిన సూది మేడ మీదికి ఎలా వస్తుందో నేను ఎన్నడూ అడగలేదు. వెతికి చూద్దాం రండి అని టీ పెట్టేవాణ్ణి.

అంశం మూడు. బంగారు మూత సీసా, ఒకప్పుడు మా దుకాణంలో గడియారాల కౌంటరు చూసిన ఆవిడకి. ఆవిడ చిరునామా టైలరుగారి దగ్గర ఉంది. ఆవిడ భర్తగారు ఇంట్లో ఉండగానే ఇవ్వాలి, దాచి ఇవ్వవలసినదేమీ లేదు.

బంగారు మూత మగవాళ్ళ సెంటే, డబ్బా మీద అలాగే రాసి ఉంది. కాని ఆ తియ్యదనం మగవాళ్ళ మీద అరువు తెచ్చుకున్న కోటులా వేలాడుతుంది. ఆవిడ దుకాణం మూసేముందు మా కౌంటరుకి వచ్చి, మణికట్టు మీద ఒక్క చిమ్ము చల్లుకుని, ఇంటికి పోయేదాకా తోడుంటుందని వెళ్ళిపోయేది. ఆవిడ ఒంటి మీద ఆ తీపి తగ్గిపోయి, ఎండలో పెట్టిన చెక్కపెట్టె తెరిచినట్టు ఉండేది. సెంటు ఒంటిని బట్టి మారుతుందని నేను వచ్చినవాళ్ళందరికీ చెప్పాను. నా కళ్ళారా, ముక్కారా చూసింది మాత్రం ఆవిడ దగ్గరే.

మా ఇద్దరికీ పెళ్ళి మాట అనుకున్నారు. ఆవిడ తరపువాళ్ళు మా ఇంటికి వచ్చినప్పుడు, అందరూ బిగుసుకుని కూర్చున్నారని మా తమ్ముడు నవ్వించబోయాడు. 'మా అన్నయ్య ఒంటికి సొంత వాసనే లేదండీ. ఏది పూస్తే అదే. వాసన చూసే కాగితం ముక్క ఉంటుందే, అలాంటి మనిషి' అన్నాడు. అందరూ నవ్వారు. ఆవిడ కూడా నవ్వింది. సంబంధం కుదరలేదు. దానికి కారణం వాడి మాట కాదనీ, వాళ్ళింట్లో అప్పటికే ఇంకొకరికి మాటిచ్చేశారనీ ఆవిడే తర్వాత నాతో చెప్పింది. నమ్మాను. నమ్మినా ఆ నవ్వు చెవిలోంచి పోలేదు. ఎందుకంటే వాడన్నది నిజం. నా చర్మం మీద ఏ సెంటు చల్లినా డబ్బా మీద రాసినట్టే ఉంటుంది, నాదంటూ ఏదీ కలవదు. కౌంటరులో నన్ను పెట్టుకున్నది అందుకే. ఉద్యోగానికి పనికొచ్చిన గుణం ఇంట్లో వేళాకోళం అయిపోయింది.

ఆ సాయంత్రమే మా తమ్ముణ్ణి ఈ గుమ్మం తొక్కొద్దన్నాను. వాడు తొక్కలేదు. పట్టుదలలో ఇద్దరం మా నాన్నకి పుట్టినవాళ్ళమే.

అంశం నాలుగు. మా అమ్మ కూర్చున్న పేము కుర్చీ, ఆవిడ కప్పుకున్న గోధుమరంగు శాలువా మా మరదలికి, అనగా తమ్ముడి భార్యకి చెందవలసినవి. మా మరదలికి శుభ్రం పాలు ఎక్కువ. వచ్చిన ప్రతిసారీ నేను కడిగిన గ్లాసుని వెలుతురుకి ఎత్తి చూసి, బావగారూ మీరు కూర్చోండి అని మళ్ళీ కడిగేది. కుర్చీని ఎంతైనా కడుక్కోవచ్చు. శాలువాని ఉతకకూడదు. ఇది మనవి కాదు, షరతు.

అంశం ఐదు. నా దేహానికి ఏ సెంటూ చల్లకూడదు. మామూలు సబ్బుతో కడిగి, టైలరుగారు కుట్టిన చొక్కా తొడగాలి. దుకాణం నుంచి ఎవరైనా అభిమానంగా సీసా తెస్తే పుచ్చుకుని పక్కన పెట్టాలి. నాకు సొంత వాసన ఉందో లేదో ఆ ఒక్కరోజైనా తేలనివ్వండి.

అంశం ఆరు. తెల్ల మూత సీసా, నల్ల మూత సీసా, ఒక మాట, ఈ మూడూ కలిపి మా తమ్ముడికి, అనగా చిన్నోడికి, సర్వహక్కులతో దఖలు పరుస్తున్నాను. సీసాలు పుచ్చుకుని మాటని వదిలేసే హక్కు వాడికి లేదు.

ఇక్కడి నుంచి వాడితోనే మాట్లాడతాను. టైలరుగారు దయచేసి నెమ్మదిగా చదవాలి.

ఒరేయ్ చిన్నోడా. అమ్మకి చూపు పూర్తిగా పోయాక, నువ్వు ఆదివారాలు వచ్చే రోజుల్లోనే, ఆవిడ మనల్ని వాసనతో పోల్చుకునేదని నీకు తెలుసు. నేను తెల్ల మూత, నువ్వు నల్ల మూత. నీకు ఆ సీసా తెచ్చి ఇచ్చింది నేనే. తెల్ల మూత ఉతికి మడత పెట్టిన దుప్పటి లాంటిది, ఎక్కడ పెడితే అక్కడే ఉంటుంది, ఎవరి జోలికీ పోదు. నల్ల మూత అలా కాదు. ముందు మిరియం, తర్వాత పొగాకు, ఆరాక దేవదారు. వడ్రంగివి కాబట్టి నీ ఒంటి మీద దానికి రంపప్పొట్టు కూడా కలిసేది. కాగితం మీది నల్ల మూత కన్నా నీ మీది నల్ల మూత బాగుండేది. ఈ మాట నీతో అప్పుడే అనాల్సింది. మన గొంతులు ఎలాగూ ఒకటే, ఫోనులో నీ పెళ్ళామే పొరబడేది. చెవి కూడా తగ్గాక అమ్మకి మిగిలింది ముక్కొక్కటే.

నువ్వు మానేశాక, ఆదివారం వచ్చిందంటే చాలు, వాడేడిరా అనేది. పనుందటమ్మా అనేవాణ్ణి. ఎన్ని ఆదివారాలని చెప్పను? పట్టుదల చంపుకుని మీ ఇంటికి వచ్చాను. తాళం వేసి ఉంది. వేరే ఊళ్ళో కుర్చీల ఫ్యాక్టరీలో పని దొరికి వెళ్ళిపోయారని పక్కింటివాళ్ళు చెప్పారు. నీ నంబరుకి చేస్తే ఎవరో ఎత్తి విసుక్కున్నారు.

ఒక ఆదివారం కౌంటరుకి నల్ల మూత కోసం జనం విరగబడ్డారు. పొద్దుటి నుంచీ నా మణికట్ల మీదే చల్లి చూపించాను. ఇంటికి బయల్దేరేముందు మోచేతులదాకా సబ్బుతో కడుక్కోవడం మా పద్ధతి. దుకాణంలో అమ్మే వాసన ఇంటికి మోసుకుపోకూడదు. ఆ రోజు దుకాణం కుళాయిల్లో నీళ్ళు రాలేదు. అలాగే వచ్చేశాను. తలుపు తీసి అడుగు లోపల పెట్టానో లేదో, అమ్మ కుర్చీలో ముందుకి వంగి, 'చిన్నోడా! వచ్చావా నాన్నా!' అంది. ఆవిడకి అలాంటి ముఖం ఒకటి ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. రోజూ వచ్చే నాకు ఆ ముఖం ఎప్పుడూ చూపించలేదు. కడుపు మండిపోయింది. నేనమ్మా, పెద్దోణ్ణి అందామనే నోరు తెరిచాను. వచ్చింది మాత్రం, ఆ, వచ్చానమ్మా అని.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం నువ్వు వచ్చావు.

ఎలాగో చెబుతాను విను. పెరటి మెట్ల మీదుగా దిగి, టైలరుగారి షాపు వెనక కుళాయి దగ్గర తెల్ల మూత వాసన పోయేదాకా ఒళ్ళు రుద్దుకునేవాణ్ణి. నువ్వు మా ఇంట్లో వదిలేసిన గళ్ళ చొక్కా ఒకటి ఉంది కదా, దాన్ని వారమంతా రంపప్పొట్టు సంచిలో కుక్కి ఉంచేవాణ్ణి. పొట్టు అడిగితే కలప డిపో అతను, కోళ్ళకా అన్నాడు. మా తమ్ముడికి అన్నాను. ఆ చొక్కా వేసుకుని, కాలరు దగ్గర నల్ల మూత చల్లుకుని, ముందు మెట్ల మీదుగా పైకి వచ్చేవాణ్ణి. నువ్వు మెట్లు రెండేసి ఎక్కేవాడివి. మెట్ల చప్పుడు అమ్మకి వినబడదని తెలిసి కూడా అలాగే ఎక్కాను. టైలరుగారు ఇదంతా చూస్తూనే ఉండేవారు, ఒక్కరోజూ అడగలేదు. ఒకసారి మాత్రం చాలా గంభీరంగా, మీ తమ్ముడికి భుజం దగ్గర కుట్టు ఊడింది, వెళ్ళేటప్పుడు ఇచ్చి వెళ్ళమనండి, వేసిపెడతాను అన్నారు.

అన్నయ్య ఏడిరా అని అమ్మ నిన్నడిగేది. బయటికెళ్ళాడమ్మా అనేవాడివి. సరేలే, కూర్చో అని మొదలుపెట్టేది. నా దగ్గర ఆవిడకి మందులూ, కుళాయీ, కరెంటు బిల్లూ తప్ప మాటలు ఉండేవి కావు. నీ దగ్గర తన చిన్నప్పటి చెప్పుల జత నుంచి నాన్నతో పోట్లాటల దాకా అన్నీ చెప్పేది. ఒకసారి పాట కూడా పాడింది. నీ చేయి తన ఒళ్ళోకి లాక్కుని వేళ్ళు ఒక్కొక్కటే తడిమి చూసేది, రంపం ఏదైనా పట్టుకుపోయిందేమోనని. నా చేయి అలా ఎప్పుడూ పట్టుకోలేదు. ఇంట్లో ఉన్న కొడుకు చేయి ఎవరు పట్టుకుంటారులే. వారంలో ఒక సాయంత్రం నేను అమ్మ ఎదురుచూసే కొడుకుని. తక్కిన రోజులు అమ్మకి అలవాటైన కొడుకుని. నీ మీద అసూయ ఉండేది. నువ్వు లేకపోతే ఆ సాయంత్రం కూడా నాకు లేదు కాబట్టి, నువ్వంటే ఇష్టం కూడా ఉండేది. ఇందులో సిగ్గుపడవలసింది ఉందని నేననుకోను.

ఇంతలో కంపెనీవాళ్ళు నల్ల మూతని మార్చేశారు. పేరు అదే, సీసా అదే, మిరియం అదే. ఆరాక ఉండాల్సిన దేవదారు మాత్రం లేదు, దాని చోట కడిగిన నేల వాసన. డబ్బా మీద ఒక్క ముక్క రాయలేదు. కొనేవాళ్ళు ఒక్కరూ అడగలేదు. పాత సీసా అయిపోయి, తప్పక, ఆ కొత్తది చల్లుకుని వచ్చి అమ్మ పక్కన కూర్చున్నాను. కాసేపు బాగానే ఉంది. ఆరుతూ ఆరుతూ ఉండగా ఆవిడ చేయి వెనక్కి తీసుకుంది. 'ఎవరు బాబూ మీరు?' అంది. కన్నతల్లి నన్ను మీరు అంది. ఇల్లు తప్పి వచ్చానండీ అని చెప్పి బయటికి వచ్చి మెట్ల మీద కూలబడ్డాను. ఏ కొడుకుగా లోపలికి పోవాలో తెలియలేదు. చివరికి కుళాయి దగ్గర ఒళ్ళు కడుక్కుని, తెల్ల మూత పూసుకుని పెద్దోడిగా వెళ్ళాను. ఎవరో వచ్చి పోయారురా, పాపం ఇల్లు తప్పారట, మంచినీళ్ళైనా ఇవ్వలేదు అని ఆవిడ బాధపడింది.

పాత సరుకు కోసం చిన్నా పెద్దా కొట్లన్నీ తిరిగాను. బస్టాండు పక్క ఫ్యాన్సీ కొట్లో, ఎండకి డబ్బా వెలిసిపోయిన సీసా ఒకటి దొరికింది. ఇప్పుడు నీకిస్తున్నది అదే. అడుగున కొంచెం మిగిలింది. ఎండలో పెట్టకు.

అమ్మ పోయినప్పుడు మీ ఆవిడ తరపు వాళ్ళనెవరినో పట్టుకుని కబురు చేశాను. నీకు అందేసరికి ఆలస్యమైంది, నువ్వు వచ్చేసరికి అంతా అయిపోయింది. గుమ్మం బయటే నిలబడ్డావు, తొక్కొద్దన్నాను కదా. నీ దగ్గర కొత్త నల్ల మూత వాసన వస్తోంది. అలాంటప్పుడు కూడా నాకు ముందు అదే తెలిసింది, ఏం చేయను, నా బతుకు అలా అయింది. 'అమ్మ నన్నడిగిందా?' అన్నావు. నేను, 'ప్రతి ఆదివారం నీతో మాట్లాడుతూనే ఉంది కదరా' అన్నాను. నీ ముఖం మాడిపోయింది. గిరుక్కున తిరిగి మెట్లు దిగిపోయావు.

ఎత్తిపొడిచాననుకున్నావు. ఎత్తిపొడుపు కాదురా. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. వెనక నుంచి ఒక్క కేక వేసి ఉంటే ఆగేవాడివి. వేయలేదు. ఆ ఒక్క మాట విడమరిచి చెప్పడానికి ఇంత కాగితం పట్టింది.

ఇక అమ్మ మాట. చివరి ఆదివారం ఆవిడకి లేచి కూర్చునే ఓపిక కూడా లేదు. నిన్ను కిందికి వంచుకుని, కాలరు దగ్గర ముఖం పెట్టి, చాలాసేపు అలాగే ఉంది. తర్వాత అంది: 'చిన్నోడా, అన్నయ్యని చూసుకోరా. వాడికెవరూ లేరు. ఉన్నా నోరు తెరిచి చెప్పుకోడు. నేను పోయాక కూడా ఆదివారాలు మానకు, వాడి దగ్గరికి రా.' అలాగేనమ్మా అన్నాను. నీ తరపున మాటిచ్చేశాను. ఆవిడ తెలిసే అందా, తెలియక అందా అని నన్నడక్కు. ఎవరెవరి వాసనలో పట్టుకున్నాను గాని, అది మాత్రం పట్టుకోలేకపోయాను.

ఇదీ నీకు రావలసిన సొత్తు. నీకు అప్పజెప్పిన పని. నువ్వు లేవు కాబట్టి ఇన్నాళ్ళూ ఆ పని నేనే చేస్తూ వచ్చాను. ఆదివారం సాయంత్రం గళ్ళ చొక్కా వేసుకుని, నల్ల మూత ఒక చుక్క రాసుకుని, ముందు మెట్ల మీదుగా పైకి వచ్చి, ఖాళీ కుర్చీ ఎదురుగా కూర్చునేవాణ్ణి. తిన్నావా అన్నయ్యా అని అడిగేవాణ్ణి. తిన్నానురా అని చెప్పేవాణ్ణి. ఇంకేంటి కబుర్లు అంటే ఇద్దరికీ ఏమీ తోచేది కాదు. చాతనైనంతవరకు వాణ్ణి బాగానే చూసుకున్నాను. ఇప్పుడు మెట్లు ఎక్కలేకపోతున్నాను. సీసా కూడా అయిపోవచ్చింది.

తెల్ల మూత గురించి ఒక్క మాట. నాకు సొంత వాసన లేదన్నావు. అమ్మకి మాత్రం పెద్దోడంటే తెల్ల మూతే. ఎప్పుడైనా నేను గుర్తొస్తే ఒక కాగితం మీద చల్లి బల్ల మీద పెట్టు. వెంటనే ముక్కు దగ్గర పెట్టుకోకు. ఒక చుట్టు తిరిగి రా.

అంశం ఏడు. పై అంశాల మీద ఎవరికీ అభ్యంతరం చెప్పే హక్కు లేదు, ఒక్క సందర్భంలో తప్ప. నేను పోకముందే, ఏ ఆదివారమైనా సరే, మా తమ్ముడు వాడంతట వాడు ముందు మెట్లెక్కి ఈ గుమ్మం తొక్కితే, ఈ వీలునామా ఆ క్షణం నుంచీ రద్దు. అప్పుడిక కాగితంతో పని లేదు. వాడు ఏ సెంటు పూసుకుని వచ్చినా, ఏదీ పూసుకోకుండా వచ్చినా ఈ అంశం వర్తిస్తుంది. ఆదివారాలు నేను తలుపు గడియ వేయడం లేదు. ఈ సంగతి టైలరుగారు ఎవరితోనైనా అనదలచుకుంటే నాకు అభ్యంతరం లేదు.

దిద్దుబాటు: మొదటి పేజీలో 'వారసులు ఎవరూ లేరు' అని రాసినది కొట్టివేసి, 'తమ్ముడు ఉన్నాడు' అని మార్చడమైనది. కొట్టివేతా నాదే, చేతిరాతా నాదే.

నవంబరు నెల, రెండో ఆదివారం, సాయంత్రం.

(సంతకం)
పెద్దోడు

సాక్షులు:
1. ఎదురుగా ఉన్న సెలూన్ ఆయన (సంతకం)
2. దుకాణం లిఫ్టు నడిపినతను, రిటైర్డ్ (వేలిముద్ర)